టైమ్‌టేబుల్ చిరిగాక: వేసవి సెలవుల్లో ఒక పదిహేనేళ్ల అబ్బాయి కేసు

సెలవులిచ్చి అప్పటికి 11 రోజులైంది. అమ్మా నాన్నా నా ఎదురుగా కూర్చున్నారు. అబ్బాయి మాత్రం తలుపు పక్కనున్న కుర్చీలో, ఏ క్షణమైనా లేచి వెళ్లిపోవచ్చన్నట్టు ఒక అంచున కూర్చున్నాడు. తల్లి సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచారు. రంగు పెన్నులతో గీసిన టైమ్‌టేబుల్ అది. పొద్దున 5:30కి వ్యాయామం, 7కి లెక్కలు, 9కి కథల పుస్తకం, 11కి కీబోర్డు, సాయంత్రం ఈత. కాగితం మధ్యలో చిరిగితే వెనక టేపు అతికించారు. ఎవరు చించారని నేను అడగలేదు.

"రెండు రాత్రులు కూర్చుని రాశాను మేడమ్. నాలుగు రోజులు కూడా నడవలేదు" అన్నారావిడ. మధ్యాహ్నం పన్నెండున్నరకు లేస్తాడు, తెల్లవారుజామున మూడున్నర దాకా ఫోన్‌లో ఆట, పిలిస్తే పలకడు, గదిలోంచి రాడు. తండ్రి ఒక్కటే అడిగారు: "ఇది గేమింగ్ అడిక్షనేనా?"

ఈ కేసు రాసుకోవడానికి అబ్బాయీ, తల్లిదండ్రులూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను. కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా నా దగ్గరికి వేసవిలో ఇలాంటివారు చాలామందే వస్తారు. ఈ కేసునే ఎంచుకోవడానికి కారణం, ఇందులో మొదటి తప్పు నాదే కావడం.

మొదటి అంచనా

తండ్రి ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి కాబట్టి అటు నుంచే మొదలుపెట్టాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో, అంటే 2022 జనవరి నుంచి అమల్లో ఉన్నదాంట్లో, గేమింగ్ డిజార్డర్ ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోవడం, నష్టం కళ్లెదుట కనబడుతున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. సాధారణంగా ఇదంతా ఏడాది పాటు కనబడాలి. మనవాడు బడి ఉన్న రోజుల్లో గంట, గంటన్నర ఆడి ఆపేవాడు. పరీక్షల నెలలో తనే ఆ యాప్ తీసేశాడు. కాబట్టి ఆ పేరు పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. "మరి ఏమిటి?" అన్నారు తండ్రి. పేరు లేకపోతే ఊరటా లేదు చాలామందికి.

అబ్బాయితో ఒంటరిగా మాట్లాడాను. బతకాలని లేదన్న ఆలోచనలు ఉన్నాయా అని సూటిగా అడిగాను. లేవన్నాడు. పొగ, మందు లేవు. దిగులు కొలిచే పీహెచ్‌క్యూ ప్రశ్నావళిలో, టీనేజర్లకు వాడే రూపంలో, 27కి 11 వచ్చింది. మధ్యస్థం మెట్టు 10 దగ్గర మొదలవుతుంది, అంటే తోసిపారేయదగ్గది కాదు. పిల్లల డాక్టరు అప్పటికే రక్తపరీక్షలు చేయించారు, అన్నీ మామూలుగానే ఉన్నాయి. రెండేళ్ల క్రితం దాకా ఫుట్‌బాల్ ఆడేవాడని, ఇప్పుడు మానేశాడని తల్లి చెప్పారు. ఎందుకు మానేశాడన్నది ఆ రోజు నేను అడగలేదు. అడిగి ఉంటే రెండు వారాలు కలిసొచ్చేవి.

నిద్ర సంగతికొస్తే, అందరూ "నిద్రపోవట్లేదు" అంటున్నారు గానీ లెక్క వేస్తే తొమ్మిది గంటలు పడుకుంటున్నాడు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. ఆ లెక్కన వీడి నిద్ర చాలినంత ఉంది. తప్పిందల్లా వేళ. యుక్తవయసులో ఒంట్లోని గడియారమే ఆలస్యంగా నడవడం మొదలెడుతుంది. దాన్ని బడి గంట ఇన్నాళ్లూ బలవంతంగా ముందుకు లాగి పెట్టింది. గంట ఆగిపోగానే గడియారం తన దారిన తాను పోయింది. బద్ధకం అన్న మాట ఆ రోజు తల్లి నోట చాలాసార్లు వచ్చింది. ప్రతిసారీ అబ్బాయి కళ్లు నేలకు దిగాయి.

నేను వేసిన తప్పటడుగు

ఆ రోజే ఒక సలహా ఇచ్చి పంపాను. దగ్గర్లో బ్యాడ్మింటన్ కోచింగ్ ఉంది, పొద్దున 6:30కి, చేరమన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు సగటున రోజుకు కనీసం 60 నిమిషాలు, ఒక మోస్తరు నుంచి ఒళ్లు బాగా అలిసే స్థాయి దాకా, కదలాలి. పొద్దున ఆట, పొద్దుటి వెలుతురు, ఒకే దెబ్బకు రెండు పిట్టలు అనుకున్నాను.

రెండు రోజులు వెళ్లాడు. మూడో రోజు మంచం దిగలేదు.

నేను పాఠం చెప్పేటప్పుడు తప్పు పోనివ్వని విషయంలోనే ఇక్కడ తప్పాను. మామూలుగా మెలకువ వచ్చే వేళకు రెండు మూడు గంటల ముందు శరీర ఉష్ణోగ్రత రోజు మొత్తంలో అడుగుకు చేరుతుంది. ఆ అడుగు వేళ తర్వాత కంటబడే వెలుతురు గడియారాన్ని పెందలాడేకు జరుపుతుంది. అంతకు ముందు పడేది దాన్ని ఇంకా ఆలస్యం చేస్తుంది. పన్నెండున్నరకు లేచేవాడికి ఆ అడుగు వేళ దాదాపు పది గంటలు. అంటే ఆరున్నరకు లేపి వెలుతురులోకి పంపడమంటే, అర్ధరాత్రి లేపి మొహాన లైటు కొట్టడమే. పైగా కొత్తగా చేరాడని పదేళ్ల పిల్లల వరసలో నిలబెట్టారట. పదిహేనేళ్ల పొడుగు కాళ్లవాడు ఆ వరసలో రాకెట్టు పట్టుకోవడం రాక నిలబడి ఉన్నాడు. ఆ సంగతి వాడు నాకు నవ్వుతూనే చెప్పాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

రెండో సెషన్‌లో "అది నా తప్పు. నీ నిద్ర వేళ చూడకుండా చెప్పాను" అన్నాను. అంతవరకు కుర్చీ అంచున కూర్చున్నవాడు వెనక్కి వాలాడు.

చిట్టా

బిహేవియరల్ యాక్టివేషన్ అనే పద్ధతి నేను ఎక్కువగా వాడతాను. మనసు బాగుపడితే పని చేస్తామని అందరం అనుకుంటాం. పని మొదలైతే మనసు వెనకే వస్తుందన్నది దీని మూలం. 1970లలో మనస్తత్వవేత్త పీటర్ లెవిన్‌సన్ దిగులు మీద చేసిన పని దగ్గర దీని వేళ్లున్నాయి. మొదటి మెట్టు చిట్టా రాయడం. గంట గంటకూ ఏం చేశావు, అది 10కి ఎంత బాగుంది, 10కి ఎంత సాధించాననిపించింది. ఈ రెండు అంకెలూ వేయించడం మానసిక వైద్యుడు ఏరన్ బెక్ నాటి నుంచి వస్తున్న అలవాటు.

"గేమ్ తప్ప ఇంకేం ఉండదు మేడమ్ అందులో" అన్నాడు.

"గేమే రాయి. ఏ ఆటకి ఎంత అన్నది నాకు కావాలి."

అమ్మకు చూపించనని మాట ఇచ్చాను. ఇదొక్కటీ లేకపోతే టీనేజర్ల చిట్టా కాగితాలన్నీ అబద్ధాల పుస్తకాలే.

వారం తర్వాత తెచ్చినదాంట్లో నేను ఊహించనిది కనబడింది. రాత్రి పది, పదకొండు గంటల ఆటకు 7, 8 వేసుకున్నాడు. ఒంటిగంట దాటాక 3. రెండున్నరకు 1. ఒక చోట సున్నా.

"సున్నా వేసిన ఆట ఎందుకు ఆడుతున్నావు?"

"వాళ్లుంటారు కదా."

నలుగురు జట్టు. ఇద్దరు వాడి తరగతివాళ్లు, ఇంకొకడు ఆటలోనే పరిచయం. ఒకరు లేచిపోతే ముగ్గురితో ఆడలేరు. నాలుగోవాడి కోసం కాచుకుని ఉంటారు. అప్పుడు అడిగాను ఫుట్‌బాల్ గురించి. పదమూడేళ్లప్పుడు ఒక సీజనంతా బెంచీ మీద కూర్చోబెట్టారు. "నేను వెళ్లకపోయినా మ్యాచ్ అయిపోయేది. నెల రోజులు వెళ్లలేదు, ఎవరూ అడగలేదు" అన్నాడు. ఇదీ అసలు ఫిర్యాదు. కేసు ఫైలు మొదటి పేజీలో రాయాల్సింది మూడో పేజీలోకొచ్చింది.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ అనే మనస్తత్వవేత్తలు చెప్పిన సిద్ధాంతం ఒకటుంది. మనిషి తనంతట తాను ఒక పనికి అంటిపెట్టుకోవాలంటే మూడు ఉండాలంటారు: ఎంచుకున్నది తానే అన్న భావన, చేతనవుతోందన్న భావన, నలుగురితో ముడిపడ్డానన్న భావన. ఫోన్‌లో ఆటలో మూడూ ఉన్నాయి. తల్లి గీసిన టైమ్‌టేబుల్లో ఒక్కటీ లేదు. నా బ్యాడ్మింటన్‌లోనూ లేదు.

2017లో కొందరు పరిశోధకులు ఒక ప్రతిపాదన చేశారు. బడి రోజులకు ఒక చట్రం ఉంటుంది కాబట్టి పిల్లల నిద్ర, కదలిక, స్క్రీన్ వాడకం అదుపులో ఉంటాయని, చట్రం లేని సెలవు రోజుల్లో అవన్నీ సడలుతాయని. నేను చూసిన కేసుల్లో అది నిజమే. కానీ చాలామంది తల్లిదండ్రులు చట్రం అంటే టైమ్‌టేబుల్ అని అర్థం చేసుకుంటారు. నా లెక్కలో బడి ఇచ్చే చట్రంలో బలమైన చెక్క అది కాదు. బెంచీలో పక్కవాడు "నిన్నెందుకు రాలేదురా" అని అడగడం ఆ బలమైన చెక్క.

సైకిలు

మార్పు కావాలని 10కి ఎంత అనుకుంటున్నావని అడిగితే 3 అన్నాడు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్, అంటే మారాలన్న కారణాలను ఎదుటివాళ్ల నోటే చెప్పించే సంభాషణ పద్ధతి, నేర్చినవాళ్లు ఇక్కడ "10 ఎందుకు కాదు" అని అడగరు. "సున్నా ఎందుకు కాలేదు?" అన్నాను. కాసేపు గోళ్లు చూసుకున్నాడు. "మూడింటికి ఫోన్ పక్కన పెట్టాక ఒకలా ఉంటుంది. రోజు ఏమైందో తెలీనట్టు."

ఆ వారం చిట్టాలో ఒక వరస ఉంది. సాయంత్రం 5:40, "సైకిల్ చెయిన్, 40 ని., బాగుంది 6, సాధించాను 9." వారం మొత్తంలో 9 అదొక్కటే. విషయం అడిగితే పెద్దగా లేదన్నాడు. కింది వీధిలో ఒక చిన్నపిల్లాడి సైకిలు చెయిన్ పడిపోతే, పొడుగ్గా ఉన్నాడని వీడిని పిలిచాడు. చెయిన్ వేశాడు. ఊరికే మళ్లీ పడిపోతోందని వెనక చక్రం నట్లు వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి బిగించాడు. ఎక్కడ నేర్చుకున్నావంటే, తాతయ్య పాత సైకిలుందని, చిన్నప్పుడు ఆయన చేస్తుంటే పక్కన కూర్చునేవాడినని చెప్పాడు.

అప్పుడు నేను చేసిన తెలివైన పని ఏదైనా ఉంటే, మెచ్చుకోకపోవడమే. "ఆ సైకిలు ఇప్పుడెలా ఉంది?" అన్నాను. మెట్ల కింద తుప్పు పట్టి ఉందన్నాడు.

ఒప్పందం రెండు మాటల్లో రాసుకున్నాం. ఒకటి, లేచే వేళను మూడు రోజులకోసారి అరగంట ముందుకు తేవడం. పడుకునే వేళ జోలికి పోలేదు. పెందలాడే లేస్తే రాత్రి నిద్ర దానంతటది ముందుకొస్తుంది, నిద్రరానివాడిని మంచం మీద పడేయడంతో ఏమీ కాదు. లేవగానే పావుగంట బాల్కనీలో. రెండు, సాయంత్రం అయిదున్నరకు ఫోన్ పైన వదిలి కిందికి దిగడం. దిగి ఏం చేయాలన్నది వాడిష్టం.

తరువాతి పది రోజుల్లో తాతయ్య సైకిలు మెట్ల కిందనుంచి బయటికొచ్చింది. రిమ్ముల తుప్పు గరుకు కాగితంతో గీకాడు, బ్రేకు రబ్బర్లు మార్చాడు. ట్యూబు నీళ్ల బేసినులో ముంచి బుడగలు చూసి పంచరు ఎక్కడుందో పట్టడం తాతయ్య దగ్గరుండి నేర్పారు. వీధిలో పిల్లలు పోగయ్యారు. ఒకడికి పెడల్ వదులు, ఒకడికి గంట మోగదు, ఇంకొకడికి ముందు చక్రం ఊగుతోంది. డబ్బు తీసుకోవాలా అని నన్నడిగాడు. నువ్వే తేల్చుకో అన్నాను. సామాను ఖర్చు మాత్రం తీసుకున్నాడు.

కదలిక ఎక్కడినుంచి వచ్చిందంటే, బాగుచేసిన ప్రతి బండినీ తొక్కి చూడాలి కదా. మొదట వీధి చివరిదాకా. తర్వాత చుట్టుపక్కల ఒక రౌండు. ఆ "ట్రయల్" పెరిగి పెరిగి అరగంటయింది. వ్యాయామం అన్న మాట నేను ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు.

మొదటికే మోసం

అయిదో వారం మొదట్లో ఫోన్ చేసి తల్లి చెప్పిన మాట: "అంతా ఆపేశాడు మేడమ్, మళ్లీ గదిలోనే."

జరిగిందిది. చేతులకు గ్రీజుతో చక్రం తిప్పుతున్న ఫోటో తీసి ఆవిడ బంధువుల గ్రూపులో పెట్టారు. మేనమామలు, పిన్నులు వరసగా చప్పట్ల బొమ్మలు పంపారు. "చదువులో కూడా ఇలాగే శ్రద్ధ పెట్టరా" అని ఒకరు చేర్చారు. అదే రాత్రి తండ్రి, సెలవులు అయ్యేదాకా రోజూ ఇలా చేస్తే కొత్త ఫోన్ కొనిస్తానన్నారు. వాళ్ల దృష్టిలో ఇది ప్రోత్సాహం. అయిదు రోజులు కిందికి దిగలేదు. చిన్నపిల్లలు వచ్చి బెల్లు కొడితే నిద్రపోతున్నాడని చెప్పించాడు.

నాతో అన్న మాట ఇది: "ఇప్పుడు అది కూడా వాళ్లదైపోయింది."

తల్లిదండ్రులను విడిగా పిలిచాను. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు చేసిన ప్రయోగం గురించి చెప్పాను. స్కెచ్ పెన్నులతో బొమ్మలేయడం ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి, బొమ్మేస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్ల తర్వాత బహుమతి ఊసు లేకుండా పెన్నులు ముందు పెడితే, ఆ పిల్లలు మిగతావాళ్లకంటే తక్కువసేపు వేశారు. ముందు చెప్పకుండా అనుకోకుండా బహుమతి ఇచ్చిన వాళ్లలో ఆ తగ్గుదల లేదు. ఇష్టంగా చేసే పనికి కూలి ముందే ఖాయం చేస్తే, ఆ పని కూలి పనైపోతుంది.

తండ్రికి ఇది నచ్చలేదు. "మెచ్చుకోకూడదు, ఇవ్వకూడదు. మరి మేం చేయాల్సిందేమిటి?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మూడు వారాలు ఆ సైకిళ్ల గురించి వ్యాఖ్య, ఫోటో, పోలిక వద్దన్నాను. ఒక్క ప్రశ్నకు మాత్రం అనుమతి: "ఏమైనా సామాను కావాలా?" ఫోటో తీసేసి కొడుకుకు క్షమాపణ చెప్పడం తల్లికి తేలికైంది. మాట వెనక్కి తీసుకోవడం తండ్రికి కష్టమైంది. ఆయన చివరికి అన్నదేమిటంటే, "ఫోన్ నీ పుట్టినరోజుకి ఎలాగూ కొందామనుకున్నాం, దానికీ దీనికీ సంబంధం లేదు." నేను చెప్పించగలిగేదానికంటే అదే బాగుంది.

మళ్లీ మొదలవడంలో మాత్రం నా చేయి లేదు. ఒక పదేళ్లవాడు చక్రం ఊడదీసి, చేత్తో పట్టుకుని మేడెక్కి వచ్చాడు. నిద్రపోతున్నాడని ఈసారి చెప్పడానికి ఇంట్లో తాతయ్య ఒప్పుకోలేదు. "నువ్వే వచ్చి చెప్పు వాడికి" అన్నారట. చక్రం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాడికి నిద్రపోతున్నానని ఎవరు చెప్పగలరు?

అంకెలు

ఆరో వారంలో ఇద్దరు చిన్నవాళ్లు వీడితో తొక్కుతామన్నారు. ఎండలకు పొద్దున్నే వెళ్లాలి. అప్పటికి లేవడం తొమ్మిదిన్నరకొచ్చింది, ముందుకు జరగాల్సింది ఇంకా మూడు గంటలు. మూడు రోజులకు అరగంట లెక్క పక్కన పెట్టి, వాడే మొదట ఎనిమిదికి, వారంలో ఆరున్నరకు తెచ్చుకున్నాడు. మొదటి నాలుగు రోజులు మధ్యాహ్నం గంటన్నర పడుకున్నాడు. ఆ నిద్ర అరగంట దాటొద్దన్నాను, ఆ మాట పెద్దగా చెవికెక్కలేదు. హెల్మెట్, నీళ్ల సీసా, పెద్ద రోడ్డెక్కకపోవడం, బయల్దేరే ముందు ముగ్గురి బ్రేకులూ చూడటం: ఈ నాలుగింటి మీద నేను బేరమాడలేదు. చిన్నపిల్లల తల్లిదండ్రులతో తల్లే వెళ్లి మాట్లాడారు.

సెలవుల చివరి వారం లెక్కలు, వాడు రాసుకున్నవే కాబట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి. స్క్రీన్ సమయం రోజుకు 9 గంటల నుంచి దాదాపు ఐదున్నరకు తగ్గింది. ఇందులో ఎక్కువ భాగం ఒంటిగంట తర్వాతి ఆట పోవడం వల్లే. రాత్రి పదకొండు ఆటను నేను ముట్టుకోలేదు, అది వాడి స్నేహితులు. ఒళ్లు కదిలే సమయం సగటున 15 నిమిషాల నుంచి 50కి చేరింది. 60 రాలేదు, ఆ పది నిమిషాల కోసం నేను పట్టుబట్టలేదు. పీహెచ్‌క్యూ 11 నుంచి 6.

చదువు మాత్రం ఒక్క పేజీ ముందుకు కదల్లేదు. తల్లి గీసిన లెక్కల గంట అలాగే మిగిలింది. ఆవిడ దాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు.

ఈ కేసులో తాతయ్య ఉన్నారు, వీధిలో పిల్లలున్నారు, మెట్ల కింద సైకిలుంది. ఇవేవీ నేను తెచ్చినవి కావు. అదే వేసవిలో ఇంకో అమ్మాయికి ఇదే పద్ధతి పెట్టాను. ఆమె చిట్టాలో 9 ఎక్కడా రాలేదు. వారాల తరబడి వెతికి, పక్కింటి వాళ్ల కుక్కను సాయంత్రం తిప్పడం దగ్గర ఒక 6 దొరికింది, దాంతోనే సరిపెట్టుకున్నాం. దిగులు ఇంకా ఎక్కువగా ఉన్న పిల్లలకు చిట్టాతో పనవదు. వాళ్లను మానసిక వైద్యుల దగ్గరికి పంపాల్సిందే, సెలవులు అయ్యేదాకా చూద్దామని ఆగకూడదు.

బడి తెరిచిన రెండు నెలలకు ఫాలో-అప్‌కి వచ్చారు. సైకిళ్లు ఆదివారాలకే పరిమితమయ్యాయి. బడి ఉన్న రోజుల్లో స్క్రీన్ రోజుకు మూడు గంటలు. ఫుట్‌బాల్‌లో మళ్లీ చేరతావా అంటే తల అడ్డంగా ఊపాడు. వెళ్లేముందు తల్లి సంచి తెరిచి ఈసారి తెల్ల కాగితం తీశారు. "దసరా, సంక్రాంతి అని అనను మేడమ్, ఏ సెలవులైనా సరే, ముందే ఏదైనా రాసివ్వండి."

నేను కాగితం అబ్బాయి వైపు జరిపాను. వాడు దాన్ని చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈ ఆదివారం రెండు బండ్లున్నాయి. అవయ్యాక చూస్తా." తదుపరి అపాయింట్‌మెంట్ గడిలో తేదీ వేయలేదు. "తనే ఫోన్ చేస్తాడు" అని రాశాను.